ఓడల మాట వినే పెట్టె కోసం శ్రీహరికోట దాకా

ఉదయం ఆరూ పదికి తుని బస్సు. నేను నర్సీపట్నం కాంప్లెక్సుకి వెళ్లేసరికే అప్పలనాయుడు గారు వచ్చి, కిటికీ పక్క సీట్లో తువ్వాలు వేసి ఉంచారు. ఆయన కృష్ణదేవిపేట, నర్సీపట్నం మధ్య షేర్ ఆటో నడుపుతారు. నేను ఇక్కడ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఆయన కూతురు లావణ్య నా దగ్గరే చదువుకుంది. ఇప్పుడు హైదరాబాదులో చిన్న ఉపగ్రహాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరు. వాళ్ల ఉపగ్రహం మర్నాడు ఉదయం శ్రీహరికోట నుంచి పైకి వెళ్లబోతోంది.

"మాకు ఇక్కడ కంప్యూటర్ల ముందు డ్యూటీ మాస్టారూ. నాన్న వెళ్తానంటున్నాడు. తోడు వెళ్తారా?" అని వారం కిందట ఫోన్ చేసింది. రెండు రోజులు సెలవు పెట్టాను.

ఆ ఉపగ్రహం చెప్పుల డబ్బా అంత ఉంటుంది. దాని పని ఓడల్ని కనిపెట్టడం. పెద్ద ఓడలన్నీ తమ పేరు, ఉన్న చోటు, వెళ్లే దిక్కు, వేగం రేడియోలో చెబుతూనే ఉంటాయి. ఒడ్డున ఉన్న టవర్లకి దగ్గర్లోని ఓడల మాటే వినబడుతుంది. నడిసముద్రంలో ఉన్న వాటిది వినాలంటే పైనుంచే వినాలి. అలా వినడానికి కావలసిన ఏంటెన్నా లావణ్య చేసింది. టైలరు టేపులా సన్నటి స్టీలు పట్టీలు మడిచి, దారంతో కట్టేస్తారట. పైకి వెళ్లాక చిన్న తీగ వేడెక్కి ఆ దారాన్ని కాల్చేస్తే పట్టీలు విచ్చుకుంటాయి. వాళ్లు ఇంతకుముందు పంపిన ఉపగ్రహం క్షేమంగా పైకి చేరింది కానీ ఒక్క మాటా పలకలేదు. పట్టీలు విచ్చుకోలేదని అనుమానం. ఆ పట్టీలూ లావణ్య చేసినవే.

"ఆ యేడు మా పాప ఇంటికొచ్చి నాలుగ్రోజులు సరిగా అన్నం తినలేదు మాస్టారు," అన్నారు అప్పలనాయుడు గారు.

తునిలో ఇడ్లీ తిని ఎనిమిదిన్నరకి రైలెక్కాం. మా ఎదుటి సీటు అబ్బాయిది శ్రీకాకుళం వైపు. సరుకుల ఓడలో వంటవాడు. సెలవు అయిపోయి చెన్నై వెళ్తున్నాడు. మేం ఎందుకు వెళ్తున్నామో చెబితే ఆసక్తిగా ముందుకు జరిగాడు.

"మా ఓడలోనూ ఆ రేడియో పెట్టె ఉంటాదండి. రేవు దగ్గరైతే అందరికీ మేం కనబడతాం. లోపలికెళ్లిపోయాక మేం ఏటయ్యామో ఎవడికి తెలస్తాది? ఒకపాలి ఇంజను ఆగిపోయి రెండ్రోజులు అలల మీద ఊగేం. సుట్టూ నీళ్లే."

"భయమేసిందా బాబూ?" అన్నారు అప్పలనాయుడు గారు.

"భయం కన్నా, మనం ఉన్నామని ఎవరికీ తెలీదే అని బెంగండి."

విజయవాడలో పులిహోర పొట్లాలు కొన్నాక అప్పలనాయుడు గారు మెల్లగా అన్నారు: "ఇన్నాళ్లూ మా పాప ఏదో పరీక్ష పాసవ్వాలన్నట్టే దేవుడికి దణ్ణం పెట్టేనండి. ఇది ఇలాటోళ్లకి పనికొచ్చేదన్నమాట."

ఐదున్నరకి గూడూరులో దిగి, బస్సులో ఏడింటికల్లా సూళ్లూరుపేట చేరాం. వెళ్లాలనుకునేవారికి ఒక మాట: ప్రయోగం ముందురోజు అక్కడ లాడ్జీలు నిండిపోతాయి, ముందే గది చెప్పుకోండి. చూడ్డానికి టికెట్టు లేదు గానీ, ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. ఆధార్ కార్డు, టోపీ, మంచినీళ్లు మరిచిపోవద్దు.

తెల్లవారి ఆరున్నరకే బయల్దేరాం. దారి పులికాట్ సరస్సు మధ్యనుంచి వెళ్తుంది. రెండువైపులా పల్చటి నీళ్లు, దూరంగా గులాబిరంగు కొంగల బారులు. తనిఖీలు దాటి గ్యాలరీలో కూర్చునేసరికి ఎనిమిది. మెట్ల మీద వేలమంది ఉన్నట్టనిపించింది. బడిపిల్లలు, ముఖాలకి జెండా రంగులు పూసుకున్న కాలేజీవాళ్లు, పసిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు.

తొమ్మిదింపావుకి అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది. గ్యాలరీ అంతా గొంతు కలిపింది. అప్పలనాయుడు గారు లేచి నిలబడి, చెప్పులు విడిచారు.

చెట్ల వెనక ముందు వెలుగు లేచింది. చప్పుడు లేదు. రాకెట్టు చెట్లు దాటి పైకి వచ్చాక అప్పుడొచ్చింది శబ్దం, గుండెల మీద ఎవరో చేత్తో చరిచినట్టు. మెట్లు అదిరాయి. నిప్పు మబ్బులోకి దూరి, అవతల తేలి, సన్నటి చుక్కై పోయింది. నా పాఠాల్లో ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో ఆ బొమ్మ! నిజంగా చూస్తుంటే నేనూ లేచి నిలబడ్డాను.

తర్వాత తెర మీద పెద్ద ఉపగ్రహం విడిపోయిందన్నారు. దానితో పాటు వెళ్లిన చిన్నవాటి పేర్లు గబగబా చదివారు. మాది వినబడిందో లేదో తేల్చుకునేలోపే చప్పట్లు మోగాయి. "రాకెట్టులోంచి మనది దిగిందా?" అని అప్పలనాయుడు గారు నా చెయ్యి పట్టుకున్నారు. లావణ్యకి ఫోన్ చేశాను.

"దిగింది మాస్టారూ. కానీ అది మాట్లాడితేనే గెలిచినట్టు. రాత్రి ఇక్కడ నేలమీది మా ఏంటెన్నా మీదుగా వెళ్తుంది. అప్పుడు వింటాం."

గూడూరులో సాయంత్రం ఏడున్నరకి తిరుగు రైలెక్కాం. ఒంగోలు దాకా అప్పలనాయుడు గారు ఫోన్ చేతిలోంచి కింద పెట్టలేదు. అప్పుడొచ్చింది మెసేజ్: "ఇంకా ఏమీ వినబడలేదు. పొద్దున్న మళ్లీ చూస్తాం." ఆయన నాచేత చదివించుకుని, పైబెర్తు ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. సిగ్నల్ మొదటిసారే దొరక్కపోవచ్చని నాకు తెలుసు. పోయినసారి కూడా అందరూ అలాగే అనుకున్నారని ఆయనకీ తెలుసు.

రైలు ఆలస్యమై తునిలో ఏడున్నరకి దిగాం. టీ తాగి బస్సెక్కాం. తొమ్మిదింటికి కాస్త ముందు, జీడితోటల మధ్య పోతుండగా ఆయన ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కారు. అవతల గదిలో అంతా అరుపులు, కేకలు. వాటి మధ్య లావణ్య గొంతు.

"నాన్నా, పలికింది! పట్టీలు విచ్చుకున్నాయి నాన్నా! దాని గొంతు విన్నాం!"

"నిజంగానా అమ్మా?"

"నిజంగానే. ఓడల పేర్లు రావడానికి ఇంకో నాలుగైదు రోజులు పడతాది. నువ్వు ఏడుస్తున్నావేటి?"

"లేదమ్మా, బస్సులో గాలి," అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు బేగి ఏదైనా తిను ముందు."

ఫోన్లో అరుపులు విని కండక్టరు కంగారుగా వచ్చాడు. విషయం చెబితే అతనే బస్సంతటికీ వినిపించాడు. వెనక సీట్లో కోటవురట్ల పెద్దావిడ ఒకామె లేచి వచ్చి, "ఎవరి పిల్ల బాబూ?" అని అడిగి, ఆయన తల మీద చెయ్యి పెట్టి వెళ్లింది.

నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకి రేడియో తరంగాలు చెబుతున్నాను. అవి ఎంతదూరం వెళ్తాయో నాకు ఈ ప్రయాణంలో తెలిసింది. మా పల్లెపిల్ల చేత్తో మడిచిన స్టీలు పట్టీలు ఆకాశంలో విచ్చుకుని, ఏ తీరానికీ వినబడని మనుషుల కోసం చెవి ఒగ్గి ఉన్నాయి. ఆ ఉదయం బస్సులో నా అంత గర్వంగా కూర్చున్నవారు ఒక్కరే, నా పక్క సీట్లో.

నర్సీపట్నంలో దిగి కృష్ణదేవిపేట ఆటోల దగ్గరికి నడిచాం. తోటి డ్రైవర్లు చుట్టూ మూగారు.

"ఏటి బావా, మీ పాప రాకెట్టు సూసొచ్చావంట?"

అప్పలనాయుడు గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"రాకెట్టు బండిరా. అది దింపేసి ఎల్లిపోద్ది. మా పాప సేసింది అందులో ఎల్లిన పాసింజరు. పొద్దున్నే సేరిపోయేనని కబురెట్టింది."