అత్త ఏడవని ఏడుపు

మొగుడు గుండ్రాయిలా ఉండగా సినిమా కోసం గాజులు పగలగొట్టుకున్న కోడలి చేతి కూడు ముట్టేది లేదని బయమ్మ ఒట్టు పెట్టుకుంది. ఏడాదిగా కంబదూరులో ఆ ఒక్క ఇంట్లో రెండు పొయ్యిలు. ఊరికి అంతకన్నా వేడుకేం కావాలి!

కోడలు రామసుబ్బమ్మ నటి కాదు, చేను చేసుకునే మనిషి. కరువు మీద సినిమా తీయడానికొచ్చిన డైరెక్టరు, గట్టు తగాదాలో ఆమె నోరు చూసి, నా కథకు ఈమే కావాలన్నాడు. మొగుడు హనుమంతరాయుడు నవ్వాడు. "పోయి రాపో. నా మీద అరిచేది ఆడ అరుస్తావు. నాకూ సుకమే."

షూటింగులో భర్త శవం దగ్గర గుండెలు బాదుకుని ఏడవమన్నారు. ఆమెకు ఏడుపు రాలేదు, మామ పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజే తొలివాన పడింది. విత్తేలోగా నేల పదును ఆరిపోతే ఆ యేడు పంట లేనట్టే. అత్త శవం పక్కనే కూర్చుని, కంట చుక్క లేకుండా విత్తనం శెనక్కాయలు ఒలిచింది. రాతిగుండె అని ఊరంతా ఆడిపోసుకుంది. కాయ కాయకూ ఆ చేయి వణకడం మాత్రం పక్కనున్న కొత్తకోడలికే కనిపించింది. రామసుబ్బమ్మ చేటడు కాయలు అడిగి తెప్పించుకుని, కెమెరా ముందు అచ్చం అలాగే ఒలిచింది.

ఆ సినిమా కళ్యాణదుర్గం వచ్చింది. రామసుబ్బమ్మ కూతురు ప్రసూన బతిమాలి అవ్వను కూడా తీసుకొచ్చింది. రామసుబ్బమ్మకు ఒకటే గుబులు. గాజులకే పొయ్యి వేరు పెట్టిన మహాతల్లి, తన కష్టాన్ని తెరకెక్కించారని తెలిస్తే ఊరుకుంటుందా?

ఆ సన్నివేశం రానే వచ్చింది. హాలంతా ముక్కులు చీదుతోంది. ఒళ్లో బయమ్మ వేళ్లు కాయలు ఒలుస్తున్నట్టే కదిలాయి. అంతే, ఇరవై ఏళ్లుగా దిగమింగిన ఏడుపు భోరుమని బయటికొచ్చింది.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి కోడలి వైపు చూసింది. "ఆ పొద్దు నా చేతులు వణికింది యెవురూ చూడలేదనుకుంటినే. నువ్వు చూసినావా?"

"చూసినా అత్తా."

"మరి ఇన్నేండ్లూ చెప్పలేదేమే?"

"నువ్వు కొడతావని."

బయమ్మ ముక్కు తుడుచుకుని, కోడలి చేతిలోని టిఫిన్ డబ్బా వైపు చేయి చాపింది. "ఆకలైతాంది. ఆ డబ్బాలో ఏం తెచ్చినావు?"

"చిత్రాన్నం."

ముసలామె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "ఉప్పెక్కువ. యాక్టింగు నేర్చినావు గానీ వంట నేర్వలేదు."

రామసుబ్బమ్మకు ప్రాణం లేచొచ్చింది. అత్త రెండో ముద్ద తీసుకుంటోంది.