పొలి గంప అడ్డం వచ్చిన తొవ్వ

అమరచింత నుంచి ఆత్మకూరుకు కాలిబాటన మూడు క్రోసులని మా ఇంట్లో అందరూ అనేవారు. అది తప్పు. పెద్దదాన్నయ్యాక లెక్క చూసుకున్నాను, రెండున్నరకు మించదు. కానీ ఫసలీ 1351, అంటే 1942 భాద్రపదంలో, నా తొమ్మిదో ఏట, ఆ తొవ్వన తిరిగి వస్తుంటే మాత్రం అది ఎంతకూ తెగలేదు.

ఆ నెల మా ఊళ్ళో గత్తర, అంటే కలరా, తగిలింది. వాంతులు మొదలైన మనిషి మరుసటి పొద్దు చూసేవాడు కాదు. మా పెదనాయన పోయాడు. ఊరి మంత్రసాని కూడా పోయింది. సరిగ్గా అప్పుడే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఒక పగలు, ఒక రాత్రి గడిచినా కాన్పు కాలేదు. ఆత్మకూరు నుంచి ఇంకో మంత్రసానిని తేకపోతే అమ్మ దక్కదని తేలిపోయింది.

కానీ ఆ రోజే, గత్తర పోవాలని ఊరికి కట్టు. పొద్దు గుంకే వేళకు దున్నపోతును కోసి, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని గంపలో పెట్టుకుని, మగవాళ్ళు పొలిమేర వెంట చల్లుకుంటూ తిరుగుతారు. దాన్ని పొలి అంటారు. పొలి పడ్డాక ఐదు దినాలు బయటివాళ్ళెవరూ పొలిమేర దాటి లోపలికి రాకూడదు. వస్తే వాళ్ళ వెంట గత్తర మళ్ళీ వస్తుందని నమ్మకం. ఇంటికొక మగవాడు గంప వెంట నడవాలి కనుక నాయన ఊరు విడవడానికి లేదు. అందుకని మా అవ్వ, అంటే నాయన తల్లి, బయలుదేరింది. ఆమెకు చూపు ఆనదు కాబట్టి తోడు నేను.

"పొద్దు గుంకక ముందే వస్తం, పరేషాన్ గాకు," అని అవ్వ నాయనతో చెప్పింది.

రాలేకపోయాం. ఆ మంత్రసాని వేరే కాన్పుకు పోయి, మధ్యాహ్నం దాటాక గాని ఇల్లు చేరలేదు. అవ్వ ఆమెను కూర్చోనివ్వలేదు.

"జర నీళ్ళన్న తాగనియ్యవే!"

"మా ఇంట్ల తాగుదువు. నడువు వదినె."

"మీ ఊరి నీళ్ళా? అవి తాగితె నన్ను కాటికెవరు మోస్తరే?" అని ఆమె నవ్వింది. అవ్వ నవ్వలేదు.

తొవ్వకు రెండు దిక్కులా జొన్న నిలువెత్తు పెరిగి ఉంది. గాలికి ఆకులు రాసుకుంటే వెనక ఎవరో నడుస్తున్నట్టుండేది. వాగులో మోకాలి లోతు నీళ్ళు. గత్తర నీళ్ళలోనే ఉంటుందని విని ఉన్నాను కనుక పెదవులు బిగబట్టుకుని దాటాను. అవతలి గట్టు ఎక్కేసరికి పొద్దు గుంకింది.

పొలిమేర దగ్గరపడుతుండగా డప్పు వినిపించింది. ఆ వెంటనే మగగొంతులు. "పొలీ... పొలీ..." కాగడాలు మా బాటకు అడ్డంగా వస్తున్నాయి.

మంత్రసాని నిలబడిపోయింది. "నేను రాను. గంపకు ఎదురుపడ్డోళ్ళను నరికి పారేసిండ్రని మా అమ్మ చెప్తుండె."

"నువ్వు రాకుంటె నా కోడలు సస్తది."

"వస్తె నేను సస్త గద!"

అవ్వ ఆమె చెయ్యి పట్టి జొన్నచేన్లోకి లాగింది. ముగ్గురం బోర్లా పడుకున్నాం. గుంపు మా ముందు నుంచే పోయింది. నెత్తుటి వాసన, పొగ వాసన. చల్లిన అన్నం మా మీది ఆకుల మీద టపటపా రాలింది. నా పళ్ళు కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు వాళ్ళకు వినబడుతుందని చెయ్యి కొరుక్కున్నాను.

అందరికంటే వెనక కాగడా పట్టుకుని నాయన వస్తున్నాడు. ఆ వెలుగు మంత్రసాని చేతి వెండి కడియం మీద పడింది. నాయన ఆగాడు. నన్ను చూశాడు. నాకు ప్రాణం లేచి రాలేదు, ఇంకా భయం వేసింది. పదిరోజుల కింద అన్నను పోగొట్టుకున్న మనిషి. పొలిని అందరికంటే ఎక్కువగా నమ్మినవాడు. అరుస్తాడనే అనుకున్నాను.

"ఏందిరా, ఆగినవ్? దయ్యం గిట్ల కండ్లవడ్డదా?" అని ముందు నుంచి ఎవరో కేక వేశారు.

"పల్లేరుగాయ గుచ్చుకున్నది. మీరు నడువుండ్రి."

ముల్లు తీసుకుంటున్నట్టు వంగి, మా వైపు చూడకుండా నేలతో చెప్పినట్టు అన్నాడు. "మీ అమ్మకింక పానం ఉన్నది. ఉరుకుండ్రి."

ఉరికాం. మెతుకులు తొక్కకూడదని ఎంత చూసినా చీకట్లో కనబడలేదు. పాదం కింద మెత్తగా, చల్లగా తగిలాయి.

కోడి కూసే వేళకు చెల్లెలు పుట్టింది. అమ్మ దక్కింది. ఎవరడిగినా కాన్పు తానే చేశానని అవ్వ చెప్పింది. మంత్రసానిని గింజల అర్రలో దాచింది. తెల్లారి నాయన వచ్చి గడప బయటే నిలబడ్డాడు. బిడ్డ ఏడుస్తున్నా అటు చూడలేదు.

"వాడకట్టుల ఎవరికన్న వాంతులైనయా?"

"కాలే. ఆడపిల్ల పుట్టింది నాయనా," అన్నాను.

"రేపు గూడ సూడాలె," అని వెళ్ళిపోయాడు.

ఆ ఐదు దినాలూ ఆయన తెల్లవారకముందే వాడవాడా తిరిగి, ప్రతి వాకిట్లో మనుషులు లేచారో లేదో చూసి వచ్చేవాడు. పొలి మెతుకులు తొక్కిన నాకే ముందు గత్తర వస్తుందని నేను కడుపు పట్టుకుని పడుకునేదాన్ని. చాటింపు వేసి కట్టు విప్పాక, మంత్రసాని ఆత్మకూరు తొవ్వ పట్టాక, నాయన చేతులు కడుక్కుని వచ్చి చెల్లెల్ని మొదటిసారి ఎత్తుకున్నాడు.

"కక్కుతలేదు గద?" అని అడిగాడు.

"పాలు తాగే పిల్ల కక్కకుంట ఉంటదా?" అంది అమ్మ.

నాయన ముఖం పాలిపోయింది. బిడ్డను అమ్మ ఒళ్ళో పెట్టేసి, మళ్ళీ వాడకట్టులోకి పోయాడు.