నూటపది ఫొటోలకి నల్ల అంచు

మా స్టూడియో రాజోలు సెంటర్లో ఉండేది. కెమెరా మా ఆయనది, కంప్యూటరు నాది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో అమలాపురం వెళ్ళి మూడు నెలల కోర్సు చేసి వచ్చాను. ఒక్కో ఫొటో తెరిచి, చుట్టూ అంచు వేసి, సేవ్ చేసి, మూసి, ఇంకోటి తెరిచేదాన్ని. పెళ్ళి ఆల్బమ్ అంటే నడుం పడిపోయేది. ఒక ఫొటోకి చేసిన పనిని సాఫ్ట్‌వేర్‌కి గుర్తు పెట్టించి ఫోల్డరు మీదకి వదిలితే, మిగతా అన్నిటికీ అదే చేసుకుపోతుందని తెలిసిన రోజు నా కాలు నేలమీద నిలవలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మా ఆయన ఎగతాళి చేసేవారు. నిజమే, ఆ నెలలో పాస్‌పోర్టు ఫొటోలకి కూడా అంచు వేసేసి, మళ్ళీ ప్రింట్లు వేయించాల్సి వచ్చింది.

మా వీధి చివరి ఇంటాయన భార్య కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఏడాదిన్నర అయింది. వాళ్ళకి ఫోన్ లేదు. శుక్రవారం పూట ఆమె మా స్టూడియోకే ఫోన్ చేసేది, మేం ఇంట్లోవాళ్ళనీ, ఆమె అమ్మానాన్నల్నీ పిలుచుకొచ్చేవాళ్ళం. కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఆమె రాలేకపోయింది. ఫొటోలు మేమే తీశాం. వాటితో ఆమెకి ఆల్బమ్ పంపాలని ఆయన వచ్చి, తలొంచుకుని ఒక మాట అన్నారు.

"మా అత్తగారున్న ఫొటోలు తీసెయ్యండి చెల్లెమ్మగారూ. ఆవిణ్ణి చూస్తే దానికి తెలిసిపోద్దండి."

తెలిసిపోయేది తండ్రి చావు. ఆమె తండ్రి పోయి అప్పటికి నాలుగు నెలలు. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది, సెలవుకి ఇంకా ఆరు నెలలుంది. చెప్పినా వచ్చే వీల్లేదు, పరాయి ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏడుస్తుందని ఇంటిల్లిపాదీ దాచారు. మా వైపు ఇది కొత్త కాదు. నాన్నకి ఫోన్ ఇమ్మంటే పొలం వెళ్ళేరనేవాళ్ళు. ఒకసారి ఆమె నన్నే అడిగితే, మోకాళ్ళ నొప్పులమ్మా, ఇంతదూరం నడవలేకపోతున్నారు అని చెప్పేశాను. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఏరాను. పందిరి రాట పక్కన ఆ పెద్దావిడ మోచెయ్యీ, చీరచెంగూ మాత్రమే పడిన ఫొటోని సైతం తీసేశాను. నూటపది మిగిలాయి. తెల్ల అంచు పాతబడిపోయిందనిపించింది. అమలాపురం కలర్ ల్యాబులో నల్ల అంచుతో ఒక ఆల్బమ్ చూసి ముచ్చటపడి ఉన్నాను. ఒక ఫొటోకి అలాగే వేసి, మిగతావాటి మీదకి వదిలి, ఇంట్లోకెళ్ళి అన్నం వార్చి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

పోయినవాళ్ళ ఫొటోకి తప్ప మా వైపు నల్ల అంచు వెయ్యరు. పెద్దకర్మకి పెట్టే ఫొటోలకి వేసిచ్చేదాన్ని నేనే. ఒక్కోదానికీ చేత్తో వేసి ఉంటే రెండోదానికో మూడోదానికో నా చెయ్యి ఆగేది. నూటపదీ ఒక్క ఊపులో అయిపోయేసరికి ఆగి చూసుకునే సందే దొరకలేదు. ప్రింట్లు వచ్చిన సాయంత్రమే కువైట్ వెళ్ళే మనిషి బస్సెక్కుతున్నాడని, ఆయన విప్పి చూడకుండానే ప్యాకెట్ పట్టుకెళ్ళారు.

రెండు వారాల తరవాత శుక్రవారం ఫోన్ మోగింది.

"అక్కా, మా అమ్మ పోయిందా?"

"అదేం మాటమ్మా? మీ అమ్మగారు నిక్షేపంలా ఉన్నారు."

"అన్ని ఫొటోలూ చూసేనక్కా. ఒక్కదాంట్లో కూడా అమ్మ లేదు. ఫంక్షన్ అయినకాణ్ణించీ ఫోన్‌కీ రాలేదు. అన్నిటికీ నల్లంచే. నోటితో చెప్పలేక ఇలా చెప్పేరా?"

ఆ అంచు నా తెలివితక్కువతనమని చెప్పాను. ఆమె నమ్మలేదు. పావుగంటాగి చెయ్యమ్మా, మీ అమ్మగార్నే తీసుకొస్తాం అన్నాను.

మా ఆయన స్కూటర్ మీద వెళ్ళి పెద్దావిణ్ణి తీసుకొచ్చారు. అల్లుడుగారు వెనకే సైకిల్ తొక్కుకుంటూ వచ్చారు.

"మావయ్యగారి సంగతి అడిగితే పొలం వెళ్ళేరనండి."

"ఆయ్," అందావిడ.

మా ఫోన్లో అవతలి గొంతు గదంతా వినపడేది.

"అమ్మా, నువ్వేనా?"

"నేనేనమ్మా. బానే ఉన్నాను."

అవతల ఆమె భోరుమంది. బతికిపోయాననుకున్నాను నేను. కాసేపటికి ఆమె తేరుకుంది.

"మరి ఫొటోల్లో ఎందుకు లేవమ్మా?"

"ఒంట్లో బాగోక పడుకున్నానమ్మా."

"మనవరాలి ఓణీలకి నువ్వు పడుకుంటావా?"

ఆవిడ చెంగు నుదుటి మీదకి లాక్కుంది.

"అమ్మా, నీ మొహాన బొట్టుందా?"

ఉందని చెప్పమని అల్లుడుగారు గట్టిగా తలాడించారు. ఆవిడ ఆయన వంక చూసింది, నా వంక చూసింది.

"లేదమ్మా," అంది.

ఆమె కేకలు పెడుతుందనుకుని ఆయన ఫోన్ అందుకోబోయారు. కేకలేం వినపడలేదు.

"ఎప్పుడు?"

"శివరాత్రి వెళ్ళిన వారానికి."

"అప్పణ్ణించీ ఏడుపు దిగమింగుకుని నాతో మాట్లాడుతున్నావా అమ్మా?"

అప్పుడు ఏడ్చింది ఆ పెద్దావిడ, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లలా. ఆమె అక్కడ ఒక్కతే ఏడుస్తుందనే మేం దాచాం. వారం వారం ఈవిణ్ణి ఈ కుర్చీలో కూర్చోబెట్టి నవ్వుతూ మాట్లాడమన్నది కూడా మేమే.