మస్టర్ ప్రార్థన

మా ఆయన నా ప్రార్థనను మస్టర్ అనేవాడు. బొగ్గుబాయి మీద హాజరు వేయించుకోవడాన్ని మస్టర్ పడటం అంటారు. ఆయన షిఫ్టు ఎక్కే సైరన్ మోగగానే నేను కొంగు నెత్తిన కప్పుకుని వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మోకాళ్లూనేదాన్ని. షిఫ్టు దిగే సైరన్ మోగినప్పుడు మళ్లీ అక్కడే. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ "పడ్డదా నీ మస్టర్?" అని అడిగేవాడు. "పడ్డది కాబట్టే వచ్చినవ్" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆయనది వట్టి నవ్వు. నా నవ్వులో మాత్రం కొంత నమ్మకం ఉండేది.

ఇది డెబ్బైల చివర మొదలైన సంగతి. కొత్తగూడెంలో కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. బొగ్గు గనిని అక్కడ ఎవరూ గని అనరు, బాయి అనే అంటారు. నీళ్ల బావికీ అదే మాట. పెళ్లయిన కొత్తలో ఆయన "బాయికి పోతున్న" అంటే నేను బిందె తెచ్చి చేతికిచ్చాను. ఆ ముచ్చట చాలా ఏళ్లు మా క్వార్టర్ల లైన్లో అందరికీ చెప్పి నవ్వించాడు.

ఆయనది కరీంనగర్ వైపు. మాది బూర్గంపాడు దగ్గర పల్లె. మా తాత కాలం నుంచి మేం చర్చికి పోయేవాళ్లం. ఆయన మాత్రం పెళ్లి కోసమే బాప్తిస్మం తీసుకున్నాడు. వాగులో దిగే ముందు పాస్టరు అయ్యగారు, "మనస్ఫూర్తిగానే దిగుతున్నావా బాబూ?" అని అడిగితే, "దినాం బాయిల దిగుతున్న అయ్యగారూ, వాగుల దిగుడు ఒక లెక్కనా" అన్నాడు. అయ్యగారు దాన్ని విశ్వాసం అనుకున్నారు. ఒడ్డున నిలబడ్డ నేను అనుకోలేదు.

నేను క్రైస్తవ హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ప్రార్థన భాష బాగా వచ్చు. స్తుతించుచున్నాము, వేడుకొనుచున్నాము అంటూ ఎక్కడా తడుముకోకుండా చేయగలను. ఎవరింట్లో ప్రార్థన కూడిక పెట్టినా నన్నే చేయమనేవారు. వాళ్ల కోడలి కాన్పు, పిల్లవాడి పరీక్ష, అత్త మోకాలి నొప్పి, ఏదీ మరిచిపోకుండా దేవుడికి అప్పజెప్పేదాన్ని. ఆ పేరు నాకు బాగానే ఉండేది, కాదనను. కానీ వంటింట్లో నా ప్రార్థన ఒక్క ముక్కే. "అయ్యా, లోపలికి పంపిన. బయటికి తోల్కరా." అంతే. హాస్టల్ భాష అక్కడికి వచ్చేది కాదు.

ఆ ఒక్క ముక్క చాలనిపించేది, ఎందుకంటే ఉన్న భయమూ ఒక్కటే. లైన్లో ఏ ఇల్లాలూ ఆ భయం పేరెత్తేది కాదు. సైరన్ వేళకు మోగితే అది షిఫ్టు వేళ, అన్నం వేళ. వేళ కాని వేళ మోగితే ఇక చెప్పక్కర్లేదు. ఒకసారి అట్లాగే మోగింది. చేతుల పిండి చేతులనే ఉంచుకుని ఆడవాళ్లం బాయి గేటు దాకా పరుగెత్తాం. దారి పొడుగునా ప్రార్థన చేయాలని చూశాను. హాస్టల్ మాటా రాలేదు, వంటింటి మాటా రాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ తాపీగా, "రిపేర్ చేసిండ్రు. మోగుతదా లేదా అని సూస్తున్నరు" అన్నాడు. ఆడవాళ్లు వాడి ఏడు తరాలనూ తిట్టి పోశారు.

నేను తిట్టలేదు. ఇంటికొచ్చి బియ్యం డబ్బాకు ఆనుకుని కూలబడ్డాను. నా కోపం వాచ్‌మన్ మీద కాదు. ఇట్లా ఎన్నాళ్లు వణికిస్తావని పైనున్న ఆయన మీద వచ్చింది. వచ్చిన కోపాన్ని వచ్చినట్టే మింగేశాను. షిఫ్టు ఇంకా అయిపోలేదు. మనిషి ఇంకా కిందనే ఉన్నాడు.

మా అమ్మ పోయినప్పుడు కూడా అంతే అయింది. వానాకాలం. ఒంట్లో బాగాలేదు, చూడాలంటున్నది అని కబురొస్తే వెంటనే బస్సెక్కాను. నడిమి దారిలో వాగు రోడ్డెక్కి పారుతున్నది. బస్సు ఆగిపోయింది. అటు ఒడ్డు కనిపిస్తూనే ఉన్నది, ఆ పక్కన ఎవరో గొడుగు వేసుకుని బీడీ కాలుస్తున్నారు. నీళ్లు తగ్గేదాకా బస్సులోనే కూర్చున్నాను. నేను ఊరు చేరేసరికి సమాధి మీద మట్టి తడిగా ఉన్నది. మూడో రోజు కూడికలో నన్నే ప్రార్థన చేయమంటే చేశాను. ఎక్కడా గొంతు వణకలేదు. ఎంత విశ్వాసం తల్లీ అని అందరూ మెచ్చుకున్నారు. తిరిగి క్వార్టరుకొచ్చాక సైరన్ మోగింది. మోకాళ్లూని నా ఒక్క ముక్క చెప్పుకున్నాను. అమ్మ గురించి ఏమీ అనలేదు.

కొన్నేళ్లకు డాక్టర్ల పరీక్షలో ఆయన చూపు తగ్గిందని తేలింది. కింద పనికి పనికిరాడన్నారు. పైన ల్యాంపు రూంలో వేశారు. బాయి దిగే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే లైటు అక్కడ తీసుకోవాలి, పైకొచ్చాక అక్కడే అప్పజెప్పాలి. ఆయన చాలా రోజులు మొహం ముడుచుకున్నాడు. "కిటికీల కూసొని లైట్లు పంచుడు గూడ ఒక పనేనా" అనేవాడు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. వేయలేదు, సేమ్యా పాయసం చేశాను. ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించాను. నా ప్రార్థన అయ్యేసరికి పాయసం చల్లారిపోయిందని ఆయన ఆ తర్వాత కూడా అంటుండేవాడు.

మర్నాడు సైరన్ మోగింది. అలవాటు ప్రకారం వెళ్లి మోకాళ్లూనాను. "అయ్యా" అన్నాను. ఆ తర్వాత మాట లేదు.

లోపలికి పంపిన అనడానికి లేదు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "తోడుండు" అన్నాను. ఊళ్లో ఎవరైనా ఎవరికైనా అనే మాటే అది. కాసేపు అట్లాగే ఉండి లేచాను. రెండో రోజూ అంతే, తర్వాత వారమూ అంతే. మోకాళ్లు నొప్పి పెట్టడం తప్ప ఇంకేమీ జరిగేది కాదు. లైన్లో వాళ్లు, "నీకేందక్కా, అన్న పైకొచ్చిండు" అనేవారు. అవ్, నాకేం అనుకునేదాన్ని.

ఒకరోజు ఆయన అన్నం తింటూ, "ఇంకెందుకే మస్టరు? నేను బయటనే ఉన్న గదా. నీ దేవునికి గూడ రిటైర్మెంట్ ఇయ్యరాదు" అన్నాడు.

హాస్యానికే అన్నాడు. నాకు మాత్రం సూటిగా తగిలింది. ఇన్నేళ్లూ నేను దేవుణ్ని గేటు దగ్గర వాచ్‌మన్‌లాగా పెట్టుకున్నానా? ఆయన పని అయిపోయింది కాబట్టి ఇక మాకు మాటల్లేవా? భయం వేసింది. మొగుడు కింద ఉన్నప్పటి భయం నాకు తెలుసు, దాన్ని పట్టుకోవడానికి ఒక ముక్క ఉండేది. ఇది వేరు. పుట్టినప్పటినుంచి నా దేవుడు అనుకున్నవాడితో నాకసలు పరిచయమే లేదేమో అన్న భయం. లేకపోతే లేదని ఒప్పుకుని ఊరుకోవచ్చు కదా అంటే, ఊరుకోలేను. అమ్మ పోయాక నాకు ఇక పుట్టింటివాళ్లంటూ ఉన్నది ఆ దేవుడొక్కడే.

కొత్తగూడెం చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. "అడగడానికేమీ లేదంటే ఎలాగమ్మా? దేశం కోసం చేయండి. నాయకుల కోసం చేయండి. మన చర్చి పైకప్పు కోసం చేయండి" అన్నారు. వానొస్తే చర్చిలో ప్రసంగ పీఠం మీద కూడా కారేది. సరేనని దేశంతో మొదలుపెట్టి పైకప్పుతో ముగించేదాన్ని. మా ఆయన చెవిన పడి, "ఇప్పుడు దేశం మొత్తానికి నువ్వే మస్టర్ ఏస్తున్నవా?" అన్నాడు. కొన్నాళ్లకు పైకప్పుకు కొత్త రేకులొచ్చాయి. నేను మాత్రం ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే ఉన్నాను.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం పడేసి, సైరన్ మోగితే వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు దేశాన్నీ నాయకులనూ పిలవబుద్ధి కాలేదు. మాటలే వద్దనుకుని కళ్లు మూసుకున్నాను. బొగ్గు పొయ్యికి ఓపిక తక్కువ. కాసేపటికి వాసన వచ్చింది.

"అయ్యో, మాడిందయ్యా" అన్నాను.

అని, ఆగాను. ఇంట్లో ఎవరూ లేరు. ఒంటరిగా ఉన్నప్పుడు అన్నం మాడితే గబగబా దించుతాం, లేకపోతే మనల్ని మనమే తిట్టుకుంటాం. పక్కన మనిషి ఉంటేనే ఆ మాట ఆ తీరుగా వస్తుంది. నేను ఎవరితో అన్నాను? సిగ్గేసింది. లేచి గిన్నె దించాను. తర్వాత మళ్లీ వచ్చి, కొంగు కప్పుకుని, మోకాళ్లూనకుండా బాసిపట్లు వేసుకుని కూర్చున్నాను.

"వాన పడుతున్నది" అన్నాను. అది దేవుడికి తెలియదనా? అయినా చెప్పాను. బొగ్గు తడిసిందని, పొగ ఎక్కువైందని చెప్పాను. వాన మాట ఎత్తగానే వాగు వచ్చింది. వాగు వెనకే అమ్మ వచ్చింది. ఇక నా చేతుల్లో లేదు.

"ఒక్క దినం ఆ వాగును ఆపితే నీదేం పోతుండె? ఎర్రసముద్రం నీళ్లనే నిలబెట్టినోనివి గదా. మా అమ్మ మొకం సూసుకోనియ్యకపోతివి. నన్ను బస్సుల కూసోబెట్టి, ఆమెను మట్టిల పెట్టిస్తివి. మల్ల అందరి ముంగట నాతోని స్తోత్రాలు చెప్పించుకుంటివి."

గట్టిగానే అరిచాను. వాన చప్పుడుకు పక్కింటికి వినపడి ఉండదు. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తుండగానే ఒక సంగతి తెలిసివచ్చింది. ఈ మాటలు ఈ రోజు పుట్టినవి కావు. అమ్మ పోయిన రోజు నుంచి గొంతులోనే ఉన్నాయి. సైరన్ పరీక్ష చేసిన నాటి కోపమూ అక్కడే ఉన్నది. మొగుణ్ని కింద పెట్టుకుని పైవాడితో ఎవరు తగాదా పెట్టుకుంటారు? కోపం వచ్చి ఆ పైవాడు కాపాడే చెయ్యి తీసేస్తే? అందుకే అన్నేళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాను. ఒక్క ముక్కకు మించి నోరు జారనివ్వలేదు. దాన్నే భక్తి అనుకున్నాను.

జవాబేమీ రాలేదు. వచ్చిందని చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాట కాదనను, నాకు మాత్రం రాలేదు. కానీ దేవుడు లేచి వెళ్లిపోలేదన్నది తెలిసింది. ఎట్లా తెలిసిందని అడిగితే చెప్పలేను. ఇన్ని మాటలన్నాక కూడా ఒకరు మన దగ్గరే కూర్చుని ఉంటే మనకు తెలుస్తుంది కదా, అట్లాగే తెలిసింది. ఆ రోజు ఆయన్ని నేను ప్రేమించాను. అంతకుముందు భయపడ్డాను.

సాయంత్రం మా ఆయన మాడిన అన్నం తింటూ, "ఏందిది?" అన్నాడు. "మాడింది" అన్నాను. నా కళ్లు చూసి, మాడుతో సహా తినేశాడు.

అప్పటినుంచి సైరన్ మోగితే వెళ్లి కూర్చోవడం నాకు పనిలా ఉండేది కాదు. కొన్నిసార్లు తగువు, కొన్నిసార్లు లైన్లో సంగతులు, చాలాసార్లు ఊరికే కూర్చోవడం. అమ్మ గురించి ఎన్నిసార్లు అడిగానో. కూడికల్లో నా ప్రార్థన పొట్టిదైపోయింది. ఈమెలో ఆత్మ చల్లారిందని ఒకరిద్దరు బాధపడ్డారు కూడా. నేనేమీ చెప్పలేదు, చెప్తే ఇంకా బాధపడేవారు.

ఆయనకు నైటు షిఫ్టు పడిన వారంలో ఒక మధ్యాహ్నం. ఆయన గదిలో నిద్రపోతున్నాడనుకున్నాను. సైరన్ మోగింది. పొయ్యి మీద అన్నం ఉన్నది. వెళ్లి బియ్యం డబ్బా పక్కన కూర్చున్నాను. ఏదో చెబుతూ నవ్వాను కాబోలు, ఆయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంక గూడ నా గురించేనా? నేను గీడనే ఉన్న గదనే" అన్నాడు.

"నీ గురించి కాదు" అన్నాను, కళ్లు తెరవకుండానే. "మా ముచ్చట వేరే."

హాస్యానికి ఏదో ఒకటి అంటాడనుకున్నాను, కానీ అడుగుల చప్పుడు కాకుండా లోపలికి వచ్చి, మసిగుడ్డతో గిన్నె పట్టుకుని, మాడకముందే అన్నం దించాడు. తలుపు దగ్గరికి వేసి వరండాలోకి వెళ్లాడు. ఇంతలో పక్కింటామె ఏదో అడగడానికి వచ్చి నన్ను కేకేసింది.

"జర ఆగు చెల్లె, లోపల మాట్లాడుతున్నది" అన్నాడు.

"ఎవలొచ్చిండ్రు అన్నా?" అందామె.

పెళ్లి కోసం వాగులో మునిగిన మనిషి కదా, ఏమంటాడోనని నేను లోపల మాట ఆపి విన్నాను.

"ఎవలు రాలే" అన్నాడు. "ఎప్పటిసందో ఇంట్లనే ఉన్నడు."