అమ్మడు అమ్మకానికొచ్చిన రోజు

మా ఆయన బరువు అరవై కిలోలు. ఆయన ప్రాణంగా చూసుకునేదాని బరువు ఇరవై టన్నులు. మట్టి తవ్వే ఆ పొక్లెయిన్‌ని మా ఆడపడుచు "ముసల్ది" అంటుంది. మా ఆయన మాత్రం "అమ్మడు" అంటాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా అలా పిలిచిన పాపాన పోలేదు. పోనీలెండి, ఎవరి అదృష్టం వారిది.

ఇలాంటి మెషిన్లు మాకు నాలుగున్నాయి. మాకు అంటే మా ఆడపడుచుకి. కాంట్రాక్టు పనులు పట్టేదీ, మెషిన్లు కొనేదీ అమ్మేదీ అంతా ఆ వదినే. మూడింటికి డ్రైవర్లు వస్తుంటారు, పోతుంటారు. నాలుగోదాన్ని, అంటే అమ్మడిని, మా ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. స్పేర్ పార్టుల గది తాళాలు నా దగ్గరుంటాయి. ఫిల్టరు కావాలన్నా, సీలు కావాలన్నా ఎవరైనా నా మొహం చూడాల్సిందే.

రోజూ ఇంజను స్టార్ట్ చేసే ముందు మా ఆయన గ్రీజు గన్ పట్టుకుని అమ్మడి చుట్టూ తిరుగుతాడు. మట్టి తోడే బకెట్ దగ్గర, మోచేతి దగ్గర, నడుం దగ్గర, కీలు కీలుకీ గ్రీజు పట్టిస్తాడు. అందుకే యార్డులో ఆయన్ని అందరూ గ్రీజు అనే పిలుస్తారు. సెలవు రోజు కూడా "ఒక్కసారి చూసొస్తా" అని వెళ్లి దీపాలు పెట్టాక వస్తాడు. మా వంటింట్లో కుళాయి ఎన్నాళ్లుగానో కారుతోంది, కింద గిన్నె పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాను. అదే అమ్మడికి చుక్క ఆయిల్ కారిందంటే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు.

అలాంటి మనిషి నెత్తిన వదిన ఒక రోజు పిడుగు వేసింది.

"ఒరేయ్, కొత్త మెషిన్ తీసుకుంటున్నా. యార్డులో నాలుగింటికే చోటుంది కాబట్టి ముసల్దాన్ని పంపించేద్దాం. ఆదివారం పైపుల కాంట్రాక్టరు చూడ్డానికొస్తాడు."

మా ఆయన మొహాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. నాకా, లోపల్లోపల గంతులేయాలనిపించింది. ఇక ఆదివారాలు నావే కదా! ఆ సాయంత్రం అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

శనివారం మాత్రం మా ఆయన ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. నాకు అనుమానమొచ్చింది.

"ఏంటండీ ఆ హుషారు?"

"రేపు అమ్మడికి స్నానం చేయిస్తా. బకెట్‌కి రంగు కూడా వేస్తా."

"వెళ్లిపోయేదానికి ఈ ముస్తాబేంటి?"

"పిచ్చిదానా! ముస్తాబు చేస్తేనే వెళ్లదు."

సంగతేమిటంటే, పాత మెషిన్ కొనేవాళ్లు కడిగినదాన్ని నమ్మరు. ఆయిల్ కారిన చోట దుమ్ము అంటుకుని నల్లగా మరక కడుతుంది. ఎక్కడ కారుతోందో ఆ మరకే చెబుతుంది. దాన్ని కడిగేశారంటే ఏదో దాస్తున్నారని లెక్క. ఈ పాఠం మా అందరికీ నూరిపోసింది వదినే. ఇప్పుడా పాఠాన్నే ఆవిడ మీద తిప్పికొడతాడట మా ఆయన!

ఆదివారం పొద్దున్నే నీళ్ల పంపుతో మొదలుపెట్టాడు. సబ్బు నురగ యార్డంతా పొంగింది. చూద్దామని వెళ్లిన నన్ను కూడా తలమీంచి తడిపేశాడు. తిట్టబోయి నవ్వేశాను. అమ్మడు ఎండలో తళతళలాడుతూ నిలబడింది. ఇంతలో వదిన వచ్చింది.

"ఎవడు కడగమన్నాడురా దీన్ని? నా నోట్లో మట్టి కొట్టావు కదరా!"

"శుభ్రంగా ఉంటే బాగుంటుందని, అక్కా..." మా ఆయన అమాయకంగా తల గోక్కున్నాడు.

పైపుల కాంట్రాక్టరు రానే వచ్చాడు. భారీ మనిషి. మెషిన్ చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"పెళ్లికూతుర్ని చేసి నిలబెట్టారే! ఏం దాస్తున్నారు అక్కయ్యగారూ?"

మా ఆయన నాకు కన్ను కొట్టాడు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. ఆయన అలా నోరు మూసుకుని ఉంటే చాలు, బేరం అక్కడితో చెడిపోయేది.

"ఈ వయసు మెషిన్‌కి నడుం తిరిగేటప్పుడు శబ్దం వస్తుందిలే" అన్నాడు కాంట్రాక్టరు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"బూమ్ ఎత్తి వదిలేస్తే దానంతటదే కిందికి జారిపోతుంది. ఇలాంటివి ఎన్ని చూడలేదు!"

"జారుతుందా? మా అమ్మడా?"

నేను చొక్కా పట్టుకుని లాగేలోపే ఆయన క్యాబిన్లోకి ఎగిరి కూర్చున్నాడు. బూమ్‌ని, అంటే అమ్మడి పొడవాటి ఇనప చేతిని, పైకెత్తి, ఇంజను ఆపేసి, చేతులు కట్టుకున్నాడు. అందరం మెడలెత్తి చూస్తూ నిలబడ్డాం. టీ వచ్చింది, తాగాం, గ్లాసులు కూడా వెళ్లిపోయాయి. బూమ్ వేలెడు కూడా దిగలేదు. తర్వాత మెషిన్‌ని గుండ్రంగా తిప్పి చూపించాడు. ఇంజను మోత తప్ప కీచుమన్న శబ్దం లేదు. "వినండి! చెవి పెట్టి వినండి!" అని పైనుంచి కేకలు. కిందికి దిగాక గానీ తను చేసిన నిర్వాకం ఆయనకు తెలిసిరాలేదు.

కాంట్రాక్టరు కళ్లు మెరిశాయి. "కడగడమే మంచిదైంది. ఒక గంట తవ్వించండి. ఎక్కడైనా కారితే ఈ శుభ్రమైన ఒంటిమీద ఇట్టే తెలిసిపోతుంది."

గంట తవ్వించారు. కాంట్రాక్టరు తెల్లటి జేబురుమాలు తీసి ప్రతి హోసు పైపూ, ప్రతి జాయింటూ తుడిచాడు. రుమాలు తెల్లగానే ఉంది. మా ఆయన మొహమే నల్లబడింది.

"అమ్మా, స్టోరు మీదేనట కదా. ఈ ఏడాది దీనికి ఏమేం మార్చారు?" అని కాంట్రాక్టరు నావైపు తిరిగాడు.

మా ఆయన కళ్లతోనే బతిమాలుతున్నాడు. నెలకో హోసు మార్చామని ఒక్క అబద్ధమాడితే అమ్మడు ఉండిపోతుంది. నిజం చెబితే నా ఆదివారాలు నాకొస్తాయి. తీరా నోరు తెరిచేసరికి నాకు ఆదివారాలు గుర్తు రాలేదు. ఆయన చేతిపనిని నా నోటితో తక్కువ చేయడమా? నావల్ల కాలేదు.

"ఫిల్టర్లు, గ్రీజు. అంతే" అన్నాను గట్టిగా. "ఆ పక్కనున్నది దీనికంటే కొత్తదే, దానికైతే సీళ్లు, హోసులు, పిన్నులు, మళ్లీ సీళ్లు. దాన్ని మేపలేక చస్తున్నాం."

వదిన తల గిర్రున తిరిగింది. "ఏంటీ? నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు మెషిన్ల వయసే అడిగేవారు వదినా. తిండి సంగతి ఎప్పుడడిగారు?"

వదిన అమ్మడి వైపు చూసింది, పక్కదాని వైపు చూసింది, చివరికి తమ్ముడి వైపు చూసింది. కాంట్రాక్టరు "మీరెంతంటే అంత, అక్కయ్యగారూ" అంటున్నాడు.

"క్షమించండి, దీన్ని అమ్మను. ఆ పక్కది తీసుకోండి."

"దాన్నీ కడిగి చూపిస్తారా?" అన్నాడు కాంట్రాక్టరు. డ్రైవర్లంతా పగలబడి నవ్వారు.

"వద్దులెండి" అంది వదిన, తనూ నవ్వాపుకోలేక. "ఒరేయ్, ముందు దాన్ని బాగుచెయ్యి. ఆ తర్వాతే అమ్ముదాం. ముసల్ది ఎక్కడికీ పోదు."

మా ఆయన నేల మీద నిలవలేదు. మళ్లీ క్యాబిన్ ఎక్కి, మమ్మల్నందర్నీ దూరంగా పొమ్మని, అమ్మడిని గిరగిరా తిప్పాడు. దిగాక కళ్లు తిరిగి తిన్నగా వెళ్లి సబ్బునీళ్ల తొట్టిలో కూలబడ్డాడు. నవ్వలేక నా పక్కటెముకలు నొప్పెట్టాయి.

కాంట్రాక్టరు కూడా బేరం పోయిందన్న కోపం మరిచిపోయి, నవ్వీనవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మా, మెషిన్‌ని ఒక్క మాట అననివ్వడేం ఈ మనిషి! ఇంట్లోనూ ఇంతేనా?"

కారే కుళాయి సంగతి చెప్పి పరువు తీద్దామనే అనుకున్నాను. తొట్టిలోంచి లేవలేక కాళ్లు కొట్టుకుంటున్న ఆయన్ని చూస్తే ఆ మాట రాలేదు.

"నన్ను కూడా ఎవర్నీ ఒక్క మాట అననివ్వరండీ" అన్నాను.

వదిన గొంతు సవరించుకుంది. "నిజమే. వీళ్ల పెళ్లైన కొత్తలో నేనొక మాట అని చూశాను. చాన్నాళ్లు వీడు నాతో మాట్లాడలేదు."