గీ కరెంటు కొట్టది

మా ఇంట్లో ఫ్యూజు పోతే వేసేది మా ఆవిడ. నేను టార్చిలైటు పట్టుకుంటాను, అదీ గుమ్మం అవతల నుంచి. నేను చదివింది జీవశాస్త్రం. కప్పను కోయమంటే కోస్తాను గాని స్విచ్చు బోర్డు విప్పమంటే పక్కింటికి పోతాను. అలాంటి నాకు, తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, కొండపాక దగ్గరి ఒక ఊరి బడిలో ఆరో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పే భాగ్యం కలిగింది. ఆ బడికి సైన్సు సారంటే నేనొక్కణ్ణే.

సిద్దిపేట నుంచి రోజూ బండి మీద వెళ్లేవాణ్ణి. పొద్దున బడి, ఆ తర్వాత ధర్నానో రాస్తారోకోనో. మైకు దొరికితే వదిలే మనిషిని కాను. మన యాసను వెక్కిరించారని, మన మాటకు విలువ లేకుండా చేశారని నేను గొంతు చించుకుంటుంటే ముసలివాళ్లు కూడా చప్పట్లు కొట్టేవాళ్లు. చప్పట్లు మనిషిని పాడు చేస్తాయి. ఆ ఊపులో ఒక రోజు నిర్ణయించుకున్నాను, ఇకమీదట తరగతిలో పుస్తకం భాష బంద్, మన మాటల్లోనే పాఠం అని.

విద్యుత్ ఘటం సెల్లయింది. విద్యుత్ వలయం తీగల చుట్టయింది. విద్యుద్ఘాతం అంటే నోరు తిరగని పిల్లలు, ‘కరెంటు కొట్టుడు’ అనగానే తలలూపారు. ఇంతవరకు చేసింది మంచి పనే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ పాఠం చివర, చుట్టూ గీతలు గీసిన పెట్టెలో నాలుగు వాక్యాల హెచ్చరిక ఉంది. ఇళ్లలోని విద్యుత్తుతో ఎట్టి పరిస్థితులలోను ఇట్టి ప్రయోగములు చేయరాదు అనే ధోరణిలో. “ఎట్టి, ఇట్టి, చేయరాదు! గిదేం భాషరా?” అని నవ్వి పేజీ తిప్పేశాను. పిల్లలూ నవ్వారు. చదవకముందు కాకరకాయ అన్నవాడు చదివాక కీకరకాయ అన్నాడట. నేను అంతకంటే చదువుకున్నవాణ్ణి కాబట్టి కాయనే పారేశాను.

జట్టుకు రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, రెండు జానల తీగ ఇచ్చాను. బల్బు నిలబడడానికి తెగిన రబ్బరు చెప్పు ముక్కకు బెజ్జం పెట్టించాను. సెల్లు ఒక కొస నుంచి బయల్దేరిన కరెంటు బల్బులోంచి పోయి రెండో కొసకు తిరిగి రావాలని చెప్పాను. “తొవ్వల ఒక్క జాగల తెగినా అంతే. మనం చౌరస్తల కూసుంటె బస్సులన్ని ఆగినట్టు ఆగిపోతది” అన్నాను. ఉద్యమాన్ని పాఠంలో కలిపినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

రెండో బెంచీలో ఒక పిల్ల మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. వాళ్లకు ఊరి బయట బోరు మోటరుంది. స్టార్టరు మీట నొక్కాలంటే చెప్పులు తొడుక్కుని, చెక్క మీద నిలబడి, ఎండు కట్టెతో నొక్కాలని ఆ పిల్లకు ఇంట్లో నేర్పారు.

“ముట్టుకోను సార్. కొడ్తది” అంది.

నాకు జీవితంలో మొదటిసారి నాకంటే పిరికివాళ్లు దొరికారు. ఆ అవకాశం వదులుకుంటానా? రెండు చేతులూ నీళ్ల బకెట్లో ముంచి, సెల్లు తీగల కొసలు రెండూ వేళ్లతో పట్టుకున్నాను. “చూడున్రి! తడి చేతులతోని పట్టుకున్న. ఏమన్నయిందా? గీ కరెంటు కొట్టది!” అన్నాను. అప్పుడు కూడా లోపల కొంచెం గుబులుగానే ఉంది, అది వేరే సంగతి.

పిల్ల భయపడుతూ ముట్టుకుంది. మళ్లీ ముట్టుకుంది. బల్బు వెలిగించి పకపకా నవ్వింది. ఒక పసిదాని భయం పోగొట్టానని ఆ సాయంత్రం ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. “మరి మనింటి ఫ్యూజు ఇగ నువ్వే ఎయ్యి” అని నవ్వింది. నేను మాట మార్చాను.

రెండు రోజుల తర్వాత, రాస్తారోకోకు పోయే ముందు ఆఖరి పీరియడులో హాజరు పిలుస్తుంటే ఆ పిల్ల పలకలేదు. ఏమైందని పక్క పిల్లను అడిగాను.

“వాళ్ల బాపు చేర్యాలకు పోయిండు సార్. మోటరు కాడ తీగ ఊడిందట. పొలం ఎండుతుందని వాళ్ల నాయినమ్మను తోల్కొని గా పిల్లనే కట్టవోయింది.”

“గా పిల్ల ఎట్ల కడ్తదే?”

“సార్ చెప్పిండు గద, తడి చెయ్యితోని పట్టుకున్నా కరెంటు కొట్టది అని. గదే అన్నది సార్.”

నేను అన్నది ‘గీ కరెంటు’, అంటే ఈ సెల్లుది. పిల్ల విన్నది ‘కరెంటు’. మధ్యలో ఒక్క అక్షరం జారిపోయింది. అది జారకుండా పట్టుకోవాల్సిన నాలుగు వాక్యాలను నేనే నవ్వి అవతల పారేశాను. ఆ వారం పొలాలకు కరెంటు వచ్చేది పన్నెండింటికి. గోడ గడియారంలో పన్నెండుకు పదిహేను నిమిషాలు తక్కువుంది.

బండి తీసి చౌరస్తా దాకా వచ్చాను. అడ్డంగా ముళ్లకంప, ఎడ్లబండి, వాటి ముందు చాప మీద మా బడి సార్లు, ఊరి జనం. రాస్తారోకో. అంబులెన్సు తప్ప ఈగను కూడా పోనియ్యొద్దని ముందు రోజు మైకులో చెప్పింది నేనే. తాను తీసిన గోతిలో తానే పడడం అంటే ఏమిటో అప్పటిదాకా సామెతగానే తెలుసు.

లెక్కల సారు మైకు పట్టుకుని ఉన్నాడు. “ఏం సార్, కూసుంటందుకు వచ్చి మమ్ములనే దాటిపోతున్నరు?” అని అందరికీ వినపడేలా అన్నాడు. జనం నవ్వారు.

“పిల్ల... మోటరు తీగ... నేను తప్పు చెప్పిన...” అన్నాను. ఎన్నో సభల్లో గంటల తరబడి మాట్లాడిన నోట్లోంచి అంతకంటే రాలేదు. కానీ నా ముఖం చూసి ఆయన నవ్వు ఆపేశాడు.

“తొవ్వ ఇడువున్రి!” అని మైకులోనే అరిచాడు. నలుగురు లేచి కంప లాగారు.

పొలాల దగ్గర బండి పారేసి గట్ల మీద ఉరికాను. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. సబ్‌స్టేషనుకు ఒక్క ఫోను చేసి కరెంటు ఆపమనే తెలివి నాకు తట్టలేదు. జేబులో ఫోను తొడకు కొట్టుకుంటూనే ఉంది.

బోరు దగ్గర నాయినమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఎండు కట్టె ఆమె ఒళ్లో ఉంది. పిల్ల ఒట్టి కాళ్లతో తడి మట్టిలో నిలబడి, స్టార్టరు డబ్బా తెరిచి, ఊడిన తీగను వేళ్లతో మెలిపెడుతోంది.

“చెయ్యి తియ్యి బిడ్డా!” అని అరిచాను.

నన్ను చూసి పిల్ల సంబరపడింది. తన ప్రయోగం చూడడానికి వచ్చాననుకుంది. “అయిపోయింది సార్, ఇంకొక్క చుట్టు!” అంది.

“చెయ్యి తియ్యమన్న!”

నా గొంతు అలా ఉంటుందని నాకే తెలియదు. పిల్ల బెదిరి తీగ వదిలేసింది. రెండడుగులు వెనక్కి వేసి గట్టెక్కింది. నేను వాచీ చూశాను. పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలు. ఆ రోజు కరెంటు ఆలస్యమైంది. కోతల మీద, ఆలస్యాల మీద నేను ఇచ్చిన నినాదాలకు లెక్క లేదు. నేను వాచీ నుంచి తలెత్తేలోపే, కరెంటు వచ్చిందని తెలియడానికి గుంజకు కట్టుకున్న బల్బు వెలిగింది.

ముగ్గురం ఆ బల్బు వైపు చూశాం. కింద ఊడిన తీగ కొస రాగి రంగులో వేలాడుతోంది. గట్టు మీదే కూలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“సారూ, కట్టె అక్కెర లేదని నువ్వే చెప్పినవట గద?” అంది నాయినమ్మ. ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాలేదు.

“గది సెల్లు కరెంటు బిడ్డా” అన్నాను పిల్లతో. “చిన్నది. గిది వేరు. ముట్టుకుంటే పానం తీస్తది. నేను చెప్పకపోతి. తప్పు నాది.”

పిల్ల బల్బు వైపు చూసింది, తీగ వైపు చూసింది, తర్వాత తన వేళ్ల వైపు చూసుకుంది. కోపంగా అనలేదు. లెక్కలో అనుమానం అడిగినట్టు అడిగింది.

“మరి గా రోజే చెప్పాలె గద సార్? మీరు ఏది చెప్తె గది నమ్ముతం మేము.”