అర అంగుళం పట్టని డబ్బా

మా చిన్నప్పుడు... పక్కింటి సుజాతక్క పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె పెళ్లి జాకెట్టు మోచేయి దాటి పైకి ఎక్కలేదు. కుట్టింది మా అమ్మ.

మేం మూడు తరాలుగా బెంగుళూరువాళ్లం. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కొలతలు రాసుకునేది కాదు... ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి వెళ్లాలి. దాన్నే ఆది జాకెట్టు అనేవాళ్లం. గుడ్డ మీద దాన్ని పరిచి, సుద్దతో గీసి కత్తిరించేది.

ఆ ఏడాది మా సొంత అక్క కాలేజీలో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. మామయ్య ఇచ్చిన పాత కంప్యూటర్‌లో అమ్మ కోసం ఒక ప్రోగ్రాం రాసింది.

"వేరియబుల్ అంటే డబ్బా అనుకోమా. పైన పేరు, లోపల కొలత. ఇంక ఎవురి ఆది జాకెట్టూ ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు."

"పోసింది పోసినట్టే ఉంటాదా?"

"యాడికి పోతాదిమా!"

పోయింది. ఆ డబ్బాల్లో దేనిలో ఏం పట్టాలో ముందే చెప్పాలి... అక్షరాలకు ఒక రకం, పూర్తి అంకెలకు ఒకటి, దశాంశాలకు ఇంకొకటి. అక్క అన్నీ పూర్తి అంకెలవే పెట్టింది. సుజాతక్క చేతి చుట్టుకొలత పదిన్నర అని కొడితే పది మిగిలింది. కంప్యూటర్ తప్పని చెప్పలేదు. అర అంగుళాన్ని వదిలేసింది, అంతే.

పట్టుచీరతో వచ్చిన జాకెట్టు ముక్క చిన్నది. విప్పి కుట్టడానికి లోపల మడత కూడా లేదు.

"ఏం కమలమ్మా, నా బిడ్డకు కుట్టినావా, నీ కంప్యూటర్‌కు కుట్టినావా?" అంది సుజాతక్క వాళ్లమ్మ.

మర్నాడు సుజాతక్క వేరే రంగు జాకెట్టుతో పీటల మీద కూర్చుంది. ప్రతి ఫోటోలోనూ కొంగు భుజాల చుట్టూ కప్పే ఉంటుంది...

అక్క ఇప్పుడు ఈ ఊళ్లోనే బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. ఎల్లుండి దాని కూతురి పెళ్లి. జాకెట్టు ఫోన్‌లో యాప్‌లోనే ఆర్డరిచ్చారు. కొలత గడిలో అర కొడితే తీసుకోలేదు, పూర్తి అంకే ఇవ్వాల్సి వచ్చింది. లోపం ఎక్కడుందో అక్కకు తెలుసు. కానీ ఆ ప్రోగ్రాం దానిది కాదు. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి, "సిస్టమ్ అంతే తీసుకుంటుంది మేడమ్" అంది.

చూపు ఆనని అమ్మ మనవరాలి పాత జాకెట్టు వెతికి తెచ్చింది. "ఆది ఇదో ఉండాది, వాళ్లకి పంపప్పా."

పంపడానికి ఆ యాప్‌లో ఎక్కడా అడ్రసు లేదు...

మీ ఇళ్లలో ఆది జాకెట్లు ఇంకా ఉన్నాయా? ఎవరివో చెప్పండి.

జాకెట్టు పార్సెల్ రేపు ఉదయం పది గంటలకు వస్తుంది.